జాజియా అత్త లేచిన రోజు

ఖైరవాన్‌లో ఎండాకాలం వచ్చిందంటే జాజియా అత్తకి తీరిక ఉండేది కాదు. వీధిలో ఎవరో ఒకరు వచ్చి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్ళేవారు. ఆవిడ నీడ చల్లగా ఉండేది, నూతిలో దింపి తీసిన బిందెలా. పసిబిడ్డ ఉంటే ఉయ్యాల పక్కన, చుట్టాలొస్తే పుచ్చకాయల పక్కన కూర్చోబెట్టేవారు. ఆవిడ జపమాల తిప్పుకుంటూ కూర్చునేది. అరవై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. మేనల్లుడు మున్సిఫ్ ఇంట్లో ఉండేది.

మున్సిఫ్ భార్య వసీలా ఇంట్లోనే కంప్యూటర్ మీద పనిచేసేది. చూపు సరిగా ఆనని పిల్లల కోసం బడి పుస్తకాలని పెద్ద పెద్ద అక్షరాలతో, లావు గీతల పటాలతో మళ్ళీ కూర్చే పని. ట్యూనిస్‌లో ఒక ప్రచురణ సంస్థ నమ్మి అప్పగించిన మొదటి పుస్తకం భూగోళం. అది చివరికొచ్చేసరికి ఆగస్టు వచ్చింది, కంప్యూటర్‌కి మూర్ఛ పట్టుకుంది.

పని చేస్తుండగానే తెర మొత్తం నీలంగా మారేది. ఏవో తెల్ల అక్షరాలు కనిపించేవి. ఠక్కున ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి లేచేది. సగం గీసిన నది సగంలోనే పోయేది.

"వైరసేమో," అన్నాడు మున్సిఫ్.

వసీలా వెతికింది. వైరస్ లేదు. లోపలున్నదంతా ఇంకోచోట దాచి, సిస్టమ్ చెరిపేసి కొత్తగా ఎక్కించింది. మర్నాడు మళ్ళీ నీలం తెర. డబ్బా విప్పి, మున్సిఫ్ టార్చి పట్టుకుంటే, మెమరీ పలకల్లో ఒకటి తీసి చూసింది, అది పెట్టి రెండోది తీసి చూసింది. అవీ బాగానే ఉన్నాయి. కరెంటు సరఫరా చేసే పెట్టె ఎవరినో అడిగి తెచ్చి మార్చింది. అదీ కాదు.

"దీనికి దిష్టి తగిలింది," అన్నాడు మున్సిఫ్.

"టార్చి సరిగ్గా పట్టు ముందు."

అప్పుడు తోచింది వసీలాకి. తెల్లవారుజామున ఎప్పుడూ ఆగలేదిది. పొద్దెక్కాకే ఆగుతోంది. లోపలి వేడి చూపించే అంకె మీద కన్నేసి కూర్చుంది. అంకె ఎక్కుతూ ఎక్కుతూ పోయి, పైకి చేరగానే తెర నీలమైంది. వేలు పెట్టి చూస్తే పెనంలా కాలింది. ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాన్ ముసలి గాడిదలా ఈడుస్తోంది.

రోగం తెలిసింది, మందు దొరకలేదు. ఊళ్ళో దుకాణంవాడు కొట్టు మూసి పల్లెకి పోయాడు. ట్యూనిస్ నుంచి ఫ్యాన్ సోమవారానికి గానీ రాదు. టేబుల్ ఫ్యాన్ పెడితే వడగాలే కొట్టింది. ఇంతలో ప్రచురణ సంస్థ నుంచి సెలీమా గారు ఫోన్ చేశారు.

"శనివారం సాయంత్రానికి అచ్చుకి వెళ్ళాలి వసీలా. లేదంటే బడులు తెరిచేలోగా రాదు. ఆ పిల్లలు ఈ ఏడాది కూడా పక్కవాళ్ళని బతిమాలి చదివించుకోవాల్సిందే."

శనివారం పొద్దునే పక్కింటి షద్లియా వచ్చింది.

"జాజియక్కా, మా మరిదివాళ్ళు వచ్చారు. పుచ్చకాయలు తెచ్చాం, పద."

జాజియా ముందుగదిలోకి తొంగిచూసింది. నీలం తెర ముందు వసీలా తల పట్టుకుని కూర్చునుంది.

"ఇవాళ మా పిల్ల దగ్గర కూర్చుంటా. కాయల్ని తడిగుడ్డలో చుట్టుకో పో."

"ఓహో! ఇప్పుడు డబ్బాలకి కూడా చలవ కావాలా?"

"కావాలి. జ్వరమొచ్చింది దానికి."

అత్త కిటికీకీ కంప్యూటర్‌కీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ నీడ మూత తీసిన డబ్బా మీద పడింది. అంకె మెల్లగా దిగింది. వసీలా మౌస్ అందుకుంది. నదులు సముద్రం దాకా వచ్చాయి. ఎడారులకి అంచులు పడ్డాయి.

మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడినప్పుడు వసీలా తల తిప్పి చూసింది. అత్త మోకాళ్ళు నొక్కుకుంటోంది. కదిలితే నీడ జరుగుతుందని పొద్దున్నుంచి మంచినీళ్ళకి కూడా లేవలేదు. పదేళ్ళుగా ఆవిణ్ణి అలాగే చూస్తోంది, ఎప్పుడూ కూర్చునే.

"అత్తా, లే. అలా తిరిగిరా."

"ఇది ఆగిపోతుందే."

"ఆగితే ఆగనీ. సెలీమా గారి కాళ్ళావేళ్ళా పడతాను. నువ్వు లే."

"లేవనా?"

"లే అత్తా."

జాజియా తన నీడకేసి చూసి, పిల్లికి చెప్పినట్టు, "నువ్వుండు," అంది. కుర్చీ పట్టుకుని లేచి, గది దాటి గుమ్మం దాకా వెళ్ళింది. నీడ డబ్బా మీదే ఉండిపోయింది. అంకె అలాగే ఉంది.

"ఉంటుందా ఇది నువ్వు లేకుండా? మరి ఇన్నేళ్ళూ ఎందుకత్తా అలా కూర్చుండిపోయావు?"

"ఎవరూ లేవమనలేదుగా."

గుమ్మంలోంచి వీధిలోకి చూస్తూ మళ్ళీ అంది: "సూస్‌కి ఈ వేళప్పుడు బళ్ళుంటాయా?"

"ఏముంది సూస్‌లో?"

"సముద్రం. వినడమే గానీ చూళ్ళేదు."

వసీలా రొట్టెలో చేపముక్కలూ కారం ముద్దా కూరి ఆవిడ చేతిలో పెట్టింది. మున్సిఫ్ బళ్ళ స్టాండు దాకా దిగబెట్టి వచ్చాడు.

ఆ తర్వాత వీధిలో ఎవరు పిలిచినా జాజియా వెళ్ళేది, నీడని అక్కడ పరిచి తన దారిన తాను పోయేది. ఒకసారి సూస్, ఒకసారి మహ్‌దియా. ఒకసారైతే ఏకంగా పడవ మీద జెర్బా దీవికి. అడిగినవాళ్ళు ఆవిణ్ణి మునుపటికంటే ప్రేమగానే పిలిచేవారు. కానీ అదంతా తర్వాతి మాట.

ఆ శనివారం పొద్దు వాలకముందే పుస్తకం ట్యూనిస్ చేరింది. దీపాలు పెట్టే వేళకి జాజియా వచ్చింది. గౌను మోకాళ్ళ దాకా తడి, చెవుల్లో ఇసుక, ముఖం దానిమ్మపండు. వసీలా ఎదురెళ్ళి ఆవిడ నుదురు ముద్దుపెట్టుకుంది.

"వెళ్ళిపోయిందత్తా పుస్తకం. నీ రుణం ఎలా తీర్చుకోను?"

"లేవమన్నావు చూడు, అక్కడితో నాదే బాకీ. సరేగానీ, ఈ మెడ సంగతేంటో చూడు."

మెడా భుజాలూ ఎండకి కమిలిపోయి ఉన్నాయి. వసీలా పెరుగు తెచ్చి మెల్లగా రాయసాగింది.

"మండుతోందా అత్తా?"

"మండుతోందే పిల్లా," అంది జాజియా కళ్ళు మూసుకుని. "అల్హందులిల్లా, ఎంత బాగా మండుతోందో!"