హాజరు పిలిచేవాడు

ఎడంచేతిలో నీళ్ల పైపు, కుడిచేతిలో ఫోను. అంతయ్య పచ్చికకు నీళ్లు కొడుతూనే ఫోను నోటి దగ్గర పెట్టుకొని పేర్లు పిలుస్తున్నాడు. "నిర్మల... జ్ఞానేశ్వర్... సాముయేలు..." పేరుకూ పేరుకూ మధ్య కాస్త ఆగుతాడు, ఎదురుగా బెంచీల మీద వాళ్లంతా కూర్చున్నట్టు. చివరి పేరు కూడా అయ్యాక బొటనవేలు ఎత్తాడు. ఆ గొంతు చేవెళ్ల పెద్దబడి పదోతరగతి వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయింది.

ఇది ఆ బ్యాచి పెట్టుకున్న పద్ధతి. కరోనా ఏడాది, తమతో చదివిన రమ చచ్చిపోతే, ఆ కబురు వీళ్లకు దినాలు కూడా అయిపోయాక తెలిసింది. రమ పక్కన కూర్చొని చదువుకున్న నిర్మలమ్మ అప్పుడు గుండెలు బాదుకొని ఏడ్చింది, చావుకు కాదు, తెలియనందుకు. "రోజూ హాజరు తీసుకుందాం, పలకనోడి ఇంటికి పోదాం" అన్నవాడు సాముయేలు. తెల్లారకముందే లేచేవాడు వాచ్‌మన్ కాబట్టి పిలిచే పని అంతయ్య మీద పడింది. బడిలో ఏ సారూ అతని చేతికి సుద్దముక్క కూడా ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు తరగతికి తరగతి అతనికి జవాబు చెబుతుంది.

పొట్టి మనిషి. ఎండకు కమిలిన మెడ. యజమాని ఇచ్చిన ఖాకీ చొక్కా భుజాలు దాటి జారుతుంటుంది. గేటు చక్రం ఎక్కి చితికిన కాలిగోరు మళ్లీ సరిగా మొలవలేదు. అజీజ్‌నగర్‌లో అతను నీళ్లు పోసే ఈ పచ్చిక ఒకప్పుడు జొన్నచేను. అందులో అతని తండ్రి వంగి వంగి నడుము విరగ్గొట్టుకున్నాడు. అదే మట్టికి ఇప్పుడు కొడుకు గడ్డి కోసం నీళ్లు పోస్తున్నాడు. బర్రె తినే గడ్డి కూడా కాదు, కారులో వచ్చినవాళ్లు చూసే గడ్డి. చేను ఎట్లా పోయిందనే కథ ఈ చుట్టుపక్కల ఇంటికొకటి ఉంది. చెప్పుకుంటే నోరు నొయ్యడమే తప్ప ఒరిగేది లేదు.

జవాబులు రావడం మొదలైంది. నిర్మలమ్మ చేవెళ్ల నుంచి, "హాజర్ రా." జ్ఞానేశ్వర్, "హాజర్ సార్!" పక్కన నవ్వుతున్న బొమ్మ. ఈ జ్ఞానేశ్వరే ఈ ఫాంహౌసు యజమాని. పొద్దున ఆ ఒక్క మాటసేపే అంతయ్య సారు. గేటు ముందు హారను మోగిందంటే సారు అవతలి మనిషి.

సాముయేలు పలకలేదు.

అందరికంటే ముందు పలికేవాడు అతనే. రాసి పంపడు, గొంతే పంపుతాడు. చిల్కూరు మలుపులో పంక్చర్ల దుకాణం. వెనక గాలి కొట్టే మిషన్ బుసకొడుతుంటే, "ఉన్న సార్... ఇంక ఉన్న" అంటాడు. భార్య ప్రేమజ్యోతి పోయాక ఆ 'ఇంక' వచ్చి చేరింది.

అంతయ్య ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. పైపు కట్టేసి మళ్లీ చేశాడు. గ్రూపులో నిర్మలమ్మ అడిగింది, "సాముయేలు ఏడి?" కింద నాలుగు బొటనవేళ్లు లేచాయి. దేనికి లేచాయో లేపినవాళ్లకే తెలియాలి.

అంతలో హారను. జ్ఞానేశ్వర్ కారు దిగుతూనే, "అంతయ్యా, ఇయ్యాల బేరానికి పార్టీ వస్తున్నది. పెద్దోళ్లు. గేటు కాడికెల్లి కదలకు" అన్నాడు.

"సారు, సాముయేలు పలుకలే. చిల్కూరు దాక పోయొస్త. జర సేపే."

"ఐతారం గదా, చర్చికి పోయిండొచ్చు."

"చర్చిలకెల్లి గూడ పలుకుతడు."

"అయితే తాగి పన్నడు. లైట్ తీస్కో."

"తాగుడు బంజేసి శానేండ్లాయె. నీకెర్కనే గదా."

నోరు జారింది. జ్ఞానేశ్వర్ నల్ల కళ్లద్దాలు తీసి చూశాడు. "మీకెర్కనే సారు" అని అంతయ్యే దిద్దుకున్నాడు.

"ఈ బేరం కావాలె. గేటు కాడ మనిషి లేకుంటే రేపటికెల్లి రావాల్సిన పని లేదు, రూము కూడ ఖాళీ చెయ్యి. దోస్తానా దోస్తానే, కొలువు కొలువే."

రూమంటే గోడ పక్కన రేకుల గది. అంతయ్యకూ భార్య సంగమ్మకూ ఈ భూమ్మీద మిగిలిన ఇల్లు అదే. అంతయ్య గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. అరచేతిలో ఫోను చెమట పట్టింది. ఎండ గోడ దిగి కాళ్ల మీదికొచ్చింది. ఎన్నిసార్లు చేసినా మోత మోతే, మనిషి లేడు.

మిట్టమధ్యాహ్నం తెల్లకారు వచ్చింది. అంతయ్య గేటు లాగి, కాళ్లు దగ్గరపెట్టి సెల్యూట్ కొట్టాడు. నల్ల అద్దాల వెనక ఎవరున్నారో కూడా కనిపించలేదు. చెయ్యి ఇంకా నుదుటి మీదే ఉంది, జేబులో ఫోను మోగింది. గబుక్కున తీశాడు. సాముయేలు కాదు, నిర్మలమ్మ.

"పోయినవా?"

"పార్టొచ్చిందే నిర్మలా. గేటు కాడున్న."

"ఇంక గేటు కాడ్నే ఉన్నవా? మరి పద్ధతి ఎందుకు పెట్టుకున్నం రా? పేర్లు పిలిచి కూసునేటందుకా? నా మోకాళ్లు లేస్తే నిన్ను అడుగుదునా!"

అంతయ్య వెనక్కి తిరిగాడు. వచ్చినవాళ్లకు ఛాయ్ పెడుతున్న సంగమ్మ అంతా వింటూనే ఉంది. గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకొని, తీగ మీది తడిబట్టలు లాగడం మొదలుపెట్టింది.

"ఎండనే లేదు గదనే" అన్నాడు అంతయ్య.

"మూటల ఎండుతయి. నువ్వు పో. గంజి తాగినోళ్లం, మల్ల గంజి తాగుతం. గా మనిషి పాణం మల్ల రాదు."

అంతయ్య పరుగు తీశాడు. ఏళ్ల తరబడి కాపలా కాసిన చెయ్యి అడక్కుండానే తన పని తాను చేసింది: గేటు ఈడ్చి, బయటి నుంచి తాళం వేసి, చెవి జేబులో పడేసింది. మనిషి అప్పటికే రోడ్డెక్కాడు.

ఆటో నిండా చిల్కూరు గుడికి పోయే జనం. మలుపులో దిగితే పంక్చర్ల దుకాణం రేకు తలుపు మూసి ఉంది. పక్కన కొబ్బరికాయలమ్మే ఆమె, "చర్చికి పోయిండనుకున్ననే" అంది. తలుపుకు బయట తాళం లేదు. లోపలి నుంచి గడియ. అంతయ్య భుజంతో గుద్దాడు. ఒకటి, రెండు. గడియ ఊడింది.

సాముయేలు నేల మీద, నీళ్లతొట్టి పక్కన పడి ఉన్నాడు. కుడివైపు కాలూ చెయ్యీ చచ్చుబడ్డాయి. నోరు ఒకపక్కకు గుంజుకుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. గాలిమిషన్ మీద, చెయ్యి అందనంత ఎత్తులో ఫోను. పొద్దటి నుంచి ఆ మోతంతా వింటూ ఈ కళ్లు దాన్నే చూస్తూ ఉన్నాయి.

"వచ్చిన రా. వచ్చిన" అని అంతయ్య తల ఒళ్లోకి తీసుకున్నాడు. సాముయేలు పెదాలు కదిలాయి. గాలి తప్ప మాట రాలేదు. ఆ మాటేమిటో అంతయ్యకు తెలుసు, రోజూ వినేదే.

కొబ్బరికాయల ఆమె నూట ఎనిమిదికి ఫోను చేసింది. బండిలో నాడి పట్టిన పిల్ల అడిగింది: "ఎప్పటికెల్లి గిట్ల పడున్నడు?"

"పొద్దుగాల్టి సంది."

"పొద్దుగాల్నే పిలవకపోతిరి, పెద్దాయనా!"

అంతయ్య సెల్యూట్ కొట్టిన చేతిని తొడ కింద పెట్టుకొని కూర్చున్నాడు.

ఫోను మోగింది. జ్ఞానేశ్వర్ అరుపు బండంతా వినబడింది. "తాళమేసి పోతవారా? పార్టీ లోపల్నే ఉన్నది! కారు బయటికి పోతలేదు, ఇజ్జత్ తీసినవ్! చెవి ఏడున్నది?"

అంతయ్య జేబు తడుముకున్నాడు. ఉంది. కావాలని చేసింది కాదు. కానీ ఆ మాట చెప్పుకోవాలని అనిపించలేదు.

"లోపల్నే ఉన్నరా? ఉండున్రి. సాముయేలు గూడ పొద్దుగాల్టి సంది లోపల్నే ఉండె."

అంతయ్యే ఫోను పెట్టేశాడు.

మొయినాబాద్ దాటాక ఆ పిల్ల సాముయేలు చెయ్యి వదిలి, ముందున్న డ్రైవరు అద్దం మీద తట్టింది. సైరన్ ఆగింది. బండి మాత్రం చేవెళ్ల వైపు పోతూనే ఉంది, ఇక తొందరేమీ లేనట్టు.

దవాఖాన వరండాలో నిర్మలమ్మ గోడ పట్టుకొని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. అంతయ్య చెయ్యి పట్టుకొని కూర్చుంది. మిగతా బ్యాచి ఫోన్లలో వచ్చింది: పువ్వులు, దండాలు. జ్ఞానేశ్వర్ గ్రూపులో "ఓం శాంతి. మంచి దోస్తును కోల్పోయినం" అని పెట్టాడు. అంతయ్య ఒక్కడికీ విడిగా, "తాళం కోయించిన. రూము ఖాళీ చెయ్యి" అని పెట్టాడు. రెండింటినీ కొట్టింది ఒకే బొటనవేలు.

"రేపు హాజరు పిలుస్తవా?" అంది నిర్మలమ్మ.

"పిలుస్త."

"సాముయేలు పేరు?"

"పిలుస్త. ఎవ్వనికి చెవులుంటే వాడు ఇంటడు."

పొద్దుగూకేవేళ అంతయ్య చిల్కూరు మలుపులో దిగాడు. సాముయేలుకు తొడగడానికి చర్చికి వేసుకునే తెల్లచొక్కా కావాలి. దుకాణం ముందు సంగమ్మ తడిబట్టల మూట మీద కూర్చొని ఉంది. జరిగి దారి ఇచ్చింది.

తడిక వెనక మేకుకు చొక్కా ఉంది. తీసుకున్నాడు. జేబులోని తాళంచెవి తీసి, ఖాళీ అయిన ఆ మేకుకు తగిలించాడు. తలుపు దగ్గరికి వేయబోతూ ఆగాడు. సాముయేలు పొద్దున మొదలుపెట్టిన పని అట్లాగే ఉంది. నీళ్లతొట్టిలో, రాయి కింద అణిచిన సైకిలు ట్యూబు నుంచి ఒక బుడగ లేచింది. చాలాసేపటికి ఇంకొకటి.