మూలనున్న చెల్లెలు

టైలరమ్మకు పుట్టుచెవుడు. ఆమె కోసం చెల్లెలు మాటలకంటే ముందు సైగలు నేర్చింది. ఆ సైగలే దానికి ఉద్యోగం తెచ్చిపెట్టాయి. ఒంటిగంట వార్తలప్పుడు టీవీలో కింది మూల నిలబడి, వినపడనివాళ్లకు చేతులతో చెబుతుంది. అది ఊరు విడిచి రెండేళ్లయింది. ఉత్తరాలు వస్తున్నాయి గానీ ఉత్తరాల్లో చేతులుండవు కదా! ఆ చేతులు చూడాలని టైలరమ్మకు ఒకటే బెంగ.

ఇంట్లో టీవీ లేదు, పాత కంప్యూటరుంది. మరిది అందులో టీవీ కార్డు బిగించి, దాన్ని నడిపించే డ్రైవరు అనే ప్రోగ్రాము ఎక్కించాడు. బొమ్మ నిండుగా వచ్చింది, శబ్దం రాలేదు.

"సౌండ్ లేని టీవీ ఏం టీవీ వదినా!" అంటూ పాత డ్రైవరు పీకేసి, కొత్తది వేసి, గంటసేపు కుస్తీ పట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే విన్నాం గానీ, ఆ శంఖాన్ని రిపేరు చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం. ఎట్టకేలకు గది దద్దరిల్లింది.

"చూశావా! పక్కింటికి కూడా వినిపిస్తోంది!"

వార్తలు మొదలయ్యాయి. కొత్త డ్రైవరుతో బొమ్మ సాగిపోయి అంచులు తెగిపోయాయి. కింది మూలలో నాలుగు వేళ్ల కొసలు మాత్రం వచ్చి పోతున్నాయి. టైలరమ్మ సుద్దముక్క తీసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద రాసింది: "చెల్లి ఏది?"

మరిది నెత్తి కొట్టుకున్నాడు. "నా బుద్ధి గడ్డి తింది వదినా! పాతదే వేస్తా, ఉండు."

కంప్యూటరు ఆగి మళ్లీ లేచేసరికి వార్తలు అయిపోవచ్చాయి. శబ్దం లేదు. మూలన చెల్లెలు మాత్రం నిండుగా ఉంది. కాస్త చిక్కింది. దండం పెట్టబోతూ ఎడమచెవి తమ్మెను రెండుసార్లు లాగింది. అది ఏ బడిలోనూ నేర్పని సైగ, చిన్నప్పుడు ఇద్దరూ కల్పించుకున్నది. అక్కా, తిన్నావా?

పొద్దుటి నుంచి మంచినీళ్లయినా ముట్టని టైలరమ్మ గబగబా చేతులెత్తి, తిన్నానే, నువ్వో, అని తెరకు చెప్పింది. ఆ కార్డుకు బొమ్మలు తేవడమే తెలుసు, పంపడం తెలియదు. సబ్బు ప్రకటన వచ్చేసింది.

"అదేంటి వదినా, చెవి లాగింది? దురదా?"

టైలరమ్మ అతని పెదాల కదలిక చూసి, బల్ల మీద అర్థం రాసింది. దాని కింద ఇంకో వాక్యం రాసింది.

"రెండేళ్లుగా రోజూ అడుగుతోందేమో."