మగ్గం గుంత

చౌడమ్మ కొట్టం మీది బోదగడ్డి కప్పును ఊరి బోర్డు మనుషులు పట్టపగలే పీకి వీధిలో పోశారు. గిన్నెలు, బొంతలు ఎండలో పడ్డాయి. సగం నేసిన చీరను మగ్గం మీంచి కోసి, పట్టు సావుకారు గుమాస్తా చంకన పెట్టుకుపోయాడు. ఇంతకూ ఆమె చేసిన నేరం, ఇంట్లో ఒక ఎలుక చావడం.

ధర్మవరానికి కూతవేటు దూరంలోని ఆ సాలెపేటలో ఆ ఏడు ప్లేగు దిగింది. ఎలుక రాలిన ఇల్లు ఆ పూటే ఖాళీ చెయ్యాలని, కప్పు విప్పి ఎండ తగలనివ్వాలని, దాచినవాళ్లకు జైలని బోర్డు దండోరా వేయించింది. రూలు మంచిదే. కానీ బోర్డు ప్రెసిడెంటు ఆ పట్టు సావుకారే. వీధి మొగదల అతని గోడౌనులో జొన్నమూటల నడుమ ఎలుకలు రాలుతున్నా, దాని మీద పెంకు ఒక్కటీ కదల్లేదు. రోగం అందరిళ్లకూ వస్తుంది గానీ, రూలు మాత్రం ఇల్లు చూసి వస్తుంది.

పక్కింటి కుళ్ళాయమ్మ చౌడమ్మ గిన్నెలు ఏరిపెడుతూ ఆగింది.

"చౌడీ, మగ్గం చప్పుడు వినపడ్తాండాదా?"

"ల్యాదక్కా. మీ ఇంట్లో నేసేటోళ్లు ఇంగ ఎవురుండారు?"

ఎవరూ లేరు. కుళ్ళాయమ్మ కూతురు లక్ష్మీనరసమ్మ జ్వరంతో పోయి ఎనిమిది రోజులు. అయినా ముద్ద ఎత్తినా, నీళ్లు తోడినా, లోపల పిల్ల నేస్తున్న చప్పుడే ఆమె చెవిలో. మగ్గమున్న గదిలోకి ఆమె అడుగు పెట్టలేకపోతోంది. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం పేట జనమంతా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాచే బయల్లో కూడారు. కుర్ర నేతగాడు నాగప్ప ఊగిపోతున్నాడు.

"రేపొచ్చే బోర్డోళ్లను కట్టెలతో తరుముదాం."

"తరిమితే రోగం పోతాదా?" అన్నాడు నేతగాళ్ల సంఘం పెట్టిన ఆంజనప్ప. "ఎలుకలు గోడౌను నుంచే వస్తాండాయి. దాన్ని తెరిపియ్యల్ల."

"ప్రెసిడెంటే ఆయప్ప. కంచే చేను మేస్తే ఎవురికి చెప్పుకుంటావప్పా?" అన్నాడు నాగప్ప.

మాటకు మాట పెరిగింది. కుళ్ళాయమ్మ లేచి నిలబడింది.

"నా బిడ్డను నేనే సంపుకున్నా" అంది. "ఇంట్లో ఎలుక సచ్చి పడింది. చీర ఇంగ మూరెడే ఉండాది. చెప్తే పడుగు కోసకపోతారు, మళ్ల పనియ్యరు. అందుకే మగ్గం గుంతలో పూడ్సి పైన బూడిద చల్లినా. పిల్లకు చెప్పల్యా. రెండు దినాలు ఆ గుంతలోనే కాళ్లు పెట్టి నేసింది. గజ్జల్లో గడ్డ లేసింది."



"మా గుంతలోనూ ఉండాది" అన్నాడు నాగప్ప, తల దించుకుని. వెనక నుంచి ఇంకొకరు. ఆ పక్కన మరొకరు. నేతగాడు దండం పెట్టి దిగే చోటు ఆ గుంత. దాచుకోదగ్గది ఏదున్నా అక్కడే దాస్తాడు. ఆకలికి భయపడి చావునూ అక్కడే దాచారు, పాపం.

"ఇంగొక బిడ్డ పోగూడదు" అంది కుళ్ళాయమ్మ. "రూలు మనమే పెడదాం. మనిండ్లకూ, ఆయప్ప గోడౌనుకూ."

తెల్లవారగానే ఇంటింటా మగ్గం గుంతలు తవ్వారు. చచ్చిన ఎలుకలను పారలతో ఎత్తి కుండల్లో వేసి, మూతలకు మట్టి మెత్తారు. ఎవరి కప్పు వాళ్లే విప్పుకున్నారు. కుండలతో, నిచ్చెనలతో వీధి వీధంతా గోడౌను ముందుకొచ్చి నిలబడింది.

బోర్డు ఇనస్పెక్టరు పోలీసులతో వచ్చాడు.

"ఎలుకలు దాచిందెవరు?"

"నేను సామీ. జైలుకొస్తా" అంది కుళ్ళాయమ్మ. "ముందు ఈ కప్పు విప్పండి."

"దానికి ప్రెసిడెంటు గారి అనుమతి కావాలి."

"చౌడి కొట్టానికి ఎవురి అనుమతి తీసుకున్నారు సామీ?"

ఇనస్పెక్టరు పోలీసులకు సైగ చేశాడు. ఒక కానిస్టేబులు ఆమె చేతులకు తాడు కట్టి ధర్మవరం దోవ పట్టించాడు. వెళుతూ వెళుతూ వెనక్కి చూసింది. చౌడమ్మ నిచ్చెనను గోడకు ఆనిస్తోంది. పోలీసులు కొందరిని లాగేస్తున్నా వెనకవాళ్లు ముందుకొస్తున్నారు.

పేట దాటగానే మళ్లీ అదే మగ్గం చప్పుడు. దబ్. దబ్. కుళ్ళాయమ్మ ఆగింది.

"ఏమబ్బా, నీకూ వినపడ్తాండాదా?"

కానిస్టేబులు వెనక్కి తిరిగి చూశాడు.

"వినపడకేమమ్మా. గోడౌను పెంకులు పీకుతాండారు."

కుళ్ళాయమ్మ ఇంకొక పెంకు పడేదాకా నిలబడి విని, తర్వాత నడిచింది.