ఎండలో ఆరిన సముద్రం

"తడి తగిలిందేదైనా ఎండ సూడాలె బిడ్డా, లేకుంటే బూజు వడ్తది" అనేది సక్కుబాయి. ఆ మాట మీద ఆమెకెంత గురి అంటే, ఏప్రిల్ వచ్చిందంటే ఉప్పుగూడలోని ఆ చిన్న ఇంటి డాబా మీద మిరపకాయలు, చింతపండు, బొంతలు, దిండ్లు, ఆఖరికి కొడుకు ప్రకాశం రైల్వే ఆఫీసుకు వేసుకుపోయే బూట్లు కూడా ఎండకు కూర్చోవలసిందే. వాటన్నిటినీ మోసుకుని మెట్లెక్కి దిగే పని కోడలు రాజమణిది. వారమంతా ఆఫీసు, ఆదివారం డాబా. "నీకేంది, నీడపట్టున కూసునే కొలువు. జెర ఎండల తిరుగు, ఒంటికి మంచిది" అనేది అత్త. మురిపెంగానే అనేది. అందుకే రాజమణికి ఎదురు చెప్పబుద్ధి అయ్యేది కాదు.

ఆ నీడపట్టు కొలువేమిటో ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నగరానికి అవతలి కొసన, ఉపగ్రహాలు పంపే బొమ్మలను చదివే ఆఫీసులో ఆమె లాబ్ అసిస్టెంటు. సముద్రంలో కంటికి ఆననంత సన్నటి పచ్చటి మొక్కలు తేలుతుంటాయి. వృక్ష ప్లవకాలంటారు వాటిని. సముద్రంలో తిరిగే చేపలకు మొదటి మేత అవే. మనం పీల్చే గాలిలోనూ వాటి వాటా పెద్దదే. అవి దట్టంగా ఉన్నచోట నీళ్ల నీలం తగ్గి ఆకుపచ్చ తిరుగుతుంది, ఆ రంగును ఉపగ్రహం పైనుంచి పట్టుకుంటుంది. అయితే పైనుంచి చూసింది నిజమో కాదో తేలేదెట్లా? ఉపగ్రహం సముద్రం మీదుగా పోయిన పూటే ఎవరో ఒకరు ఓడలో పోయి, నీళ్లు తోడి, వడపోత కాగితాల మీద ఆ పచ్చదనాన్ని పట్టి తేవాలి. తెచ్చిన కాగితాల్లోంచి పత్రహరితాన్ని బయటికి తీసి, ఎంత ఉందో కొలవడం రాజమణి పని. కొలిచేది ఆమె. గోడకున్న రంగుల బొమ్మ ముందు నిలబడి, వచ్చిన పెద్దమనుషులకు వివరించేది వైకుంఠం. అతను ఆమె తర్వాత చేరినవాడే. "రాజమణి గారూ, కాస్త టీల సంగతి చూడండి" అనేవాడు పెద్దసారు సోమశేఖర్. చూసేది. చూడక ఏం చేస్తుంది!

ఏళ్ల తరబడి సముద్రాన్ని కొలిచిన ఆ మనిషి సముద్రాన్ని చూసింది లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఓడెక్కాలని, తన చేత్తో తాను ఆ నీళ్లు తోడుకోవాలని ఆమెకు ఎంత ఆశో! సోమశేఖర్‌ను అడిగితే నవ్వాడు. "ఓడలో ఆడవాళ్లకు ఏర్పాట్లుండవండీ. పైగా మీ ఇంట్లో ఏమంటారో." ఇంట్లో అడిగింది. ప్రకాశం మంచివాడు. "నాదేం లేదు మణీ, అమ్మను అడుగు" అన్నాడు. అమ్మను అడిగితే "నాదేముంది బిడ్డా, వాణ్ని అడుగు" అంది. పుట్టింటికి పోవాలన్నా, ఎమ్మెస్సీ చదవాలన్నా ఇదే వరస. వద్దని ఒక్కరూ అనలేదు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి ఆమే అలసిపోయి ఊరుకునేది.

ఇట్లా ఉండగా, ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున నీళ్లు తోడడానికి ఓడెక్కిపోయిన వైకుంఠం, విశాఖపట్నం రైలు దిగి నేరుగా వాళ్ల వాకిట్లోకి వచ్చాడు. మొహం పీక్కుపోయింది. ఓడలో ఉన్నన్నాళ్లూ వాంతులేనట.

"మేడమ్, ఆఫీసుకు తాళమున్నది. మా ఇంట్ల ఈ నీసు వాసన పడనియ్యరు. రేపటిదాంక మీ దగ్గర పెట్టుకోండ్రి" అని ఐసు డబ్బాను గడప లోపలికి జరిపాడు. "ఇగ సచ్చినా ఓడెక్క" అని ఒట్టు పెట్టుకుని మరీ పోయాడు.

రాజమణి మూత తీసి చూసింది. ఒక్కో కాగితం వెండి రేకులో చుట్టి ఉంది, రేకు మీద ఆ నీళ్లు ఎక్కడ తోడారో రాసి ఉంది. చల్లగా, చీకట్లో ఉండాలవి. వెలుతురు తగిలితే పచ్చదనం విరిగిపోతుంది. డబ్బాను మంచం కిందికి తోసి గోనెసంచి కప్పింది. ఐసు సగం కరిగిపోయింది. ప్రకాశమేమో డ్యూటీలో ఉన్నాడు. "అత్తమ్మా, గిది ఆఫీసుది, పైలం" అని చెప్పి, తానే ఐసు గడ్డ కోసం శాలిబండకు బయలుదేరింది.

గడ్డను గోనెలో చుట్టి, చంకనెత్తుకుని, చీర తడుపుకుంటూ తిరిగొచ్చేసరికి మంచం కింద డబ్బా లేదు.

"అత్తమ్మా!"

"పైనున్న బిడ్డా! ఫికర్ చెయ్యకు, అన్నీ ఆరబెట్టిన!"

మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. డాబా మీద మిరపకాయల పక్కన తెల్లటి ధోవతి పరిచి ఉంది. దాని మీద గుండ్రటి కాగితాలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక్కో చింతగింజ. సక్కుబాయి కొంగు తలమీద కప్పుకుని, ఆ ఎండలో కాపలా కూర్చుంది.

"డబ్బల నీళ్లు కారుతున్నయి బిడ్డా. తీసి సూస్తే నీ కాగితాలన్నీ నానిపోయినయి. రేపు మీ సార్ నిన్ను తిడ్తడని ఒక్కొక్కటి ఇప్పి ఎండేసిన. రేకులు మంచిగున్నయని సాపు చేసి దాసిన, పారెయ్యబుద్ధి కాలె."

కాగితాలు తెల్లబోయి ఉన్నాయి. ఏది ఎక్కడి నీళ్లదో చెప్పే రేకులన్నీ ఒక కట్టగా పక్కనున్నాయి. రాజమణికి ఒళ్లు భగ్గుమంది. ఐసు గడ్డను అక్కడే పడేసింది. "ఏం పని చేసిండ్రు అత్తమ్మా! నా నోట్ల మన్ను కొట్టిండ్రు గదా!" అని అరిచింది. కాపురానికి వచ్చాక అంత గొంతు లేపడం అదే మొదటిసారి. అరుస్తూనే చెప్పింది: సముద్రంలో మొక్కలని, పైనుంచి ఉపగ్రహం చూస్తుందని, అది చూసింది నిజమని చెప్పగలిగేది ఈ కాగితాలేనని, ఆ పూట నీళ్లు మళ్లీ రావని. చెబుతూ చెబుతూ ఆ చింతగింజల వైపు చూసింది. ఎంత ఓపికగా పెట్టింది మహాతల్లి! కోపం కాస్తా ఏడుపైంది.

సక్కుబాయి ఒక కాగితాన్ని అరచేతిలోకి తీసుకుంది. "అంటే గీ కాగితాల మీద సముద్రముండెనా?"

"ఉండె."

"నేను సంపేసిన్నా?"

రాజమణి ఏడుస్తూనే నవ్వింది. ముసలామె నవ్వలేదు. "గిన్నేండ్లసంది నువ్వు చేసే పని గిదా! నేను ఏందో కాగితాలు రాస్తవనుకుంటి. నాకెవరు చెప్పిండ్రు బిడ్డా?" అని కొంగుతో కోడలి మొహం తుడిచింది, తర్వాత తన మొహం తుడుచుకుంది.

సాయంత్రం ప్రకాశం వచ్చి సంగతి విన్నాడు. భార్య కళ్లు చూసి అతని ప్రాణం ఉసూరుమంది. "గింతదానికి ఏడ్సుడెందుకు మణీ? రైల్లనే ఐసు కరిగిందని చెప్పు. పోతే వైకుంఠం మీదికి పోతది, నీకేం గాదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు పాపం. రాజమణి మనసు ఒక ఘడియ అటు లాగింది కూడా. నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు: ఇంట్లో డబ్బానే కాపాడుకోలేనిది ఓడలో ఏం చేస్తుందంటారు, ఇక ఓడ మాటే ఉండదు. అబద్ధమాడితే తప్పు ఆ వాంతుల మనిషి నెత్తిన పడుతుంది, ఓడ తనకు దొరికినా దొరకవచ్చు. అట్లా ఎక్కిన ఓడ మీద నిలబడి తాను ఏం సంతోషపడుతుంది?

సోమవారం ఉన్నదున్నట్టు చెప్పేసింది. సోమశేఖర్ తల పట్టుకున్నాడు. "అందుకేనండీ నేననేది! ఆడవాళ్లకు ఇల్లూ ఆఫీసూ కలిసిపోతాయి."

"కలిపింది నేను కాదు సార్. నిన్న ఆ డబ్బాకు మీలో ఎవరింట్ల చోటు దొరకలె" అంది రాజమణి. అంతటితో ఆపలేదు. "వచ్చే నెల ఓడ మళ్ల పోతది. నేను పోత. నీళ్లు నేనే తోడుకుంట, నేనే వడపోసుకుంట, నేనే పట్టుకొస్త."

"అవును సార్, మేడమే పోవాలె!" అన్నాడు వైకుంఠం, ఎక్కడ తన పేరొస్తుందోనని.

సోమశేఖర్ ఓడకు పోయేవాళ్ల పట్టీ తీసి చూశాడు. ఎక్కేవాళ్లు మరొకరు లేరు. "సరే, ఓడవాళ్లతో మాట్లాడి ఒక గది చూడమంటాను. అయితే ముందు ఇంట్లో అడిగి రండి. మీవారు ఒప్పుకున్నారని రేపు చెప్పండి."

వైకుంఠాన్ని ఇంట్లో అడిగి రమ్మని ఎవరూ ఏనాడూ అనలేదు. చార్మినార్ దాకా బస్సులో నిలబడి రాజమణి అదే ఆలోచించింది. ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లయితే ఎప్పుడో కొట్లాడి గెలిచేది. మంచివాళ్లతో ఏం కొట్లాడుతుంది? అత్తంటే ఆమెకు ప్రాణం, ప్రకాశమంటే మరీను. ఈ పూట కూడా అడిగిందంటే ఇద్దరూ ఆమెను మళ్లీ ముద్దుగా అటూ ఇటూ తిప్పుతారు, ఓడ వెళ్లిపోతుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచి ఇంటికొచ్చింది.

రాత్రి ఇద్దరికీ కంచాలు పెట్టి, వడ్డించి, నిలబడే అంది: "ఇగో ఇనుండ్రి. వచ్చే నెల నేను విశాఖపట్నం పోతున్న. ఓడెక్కుత. వారం దినాలు."

ప్రకాశం చేతిలోని ముద్ద ఆగింది. "మంచిదే మణీ... అమ్మను అడిగినవా?"

"నాదేముంది, వాణ్ని..." అని అలవాటుగా మొదలుపెట్టిన సక్కుబాయి మధ్యలో ఆగిపోయింది. కోడలి మొహంలోకి చూసింది.

"అడుగుతున్నవా బిడ్డా, చెప్తున్నవా?"

రాజమణి గరిటె కింద పెట్టింది. "చెప్తున్న అత్తమ్మా."

ప్రకాశం ఏదైనా అనమన్నట్టు తల్లి వైపు చూశాడు. సక్కుబాయి తాపీగా ముద్ద మింగి, నీళ్లు తాగింది.

"గీ ఇంటికొచ్చి నలభై ఏండ్లాయె. మా అత్తను అడిగిన, మీ నాయినను అడిగిన, ఇప్పుడు కొడుకువు నిన్ను అడుగుతున్న. చెప్పొచ్చని నాకు తెల్వనే తెల్వకపాయె" అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి కొడుకు వైపు పూర్తిగా తిరిగింది.

"ప్రకాశం, కోడలు ఓడెక్కిన దినమే నేను జనగామల మా చెల్లె వరమ్మ కాడికి పోతున్న. నేనూ వారం దినాలుంట. బియ్యం డబ్బ పొయ్యి పక్కనుంటది, పప్పు పైన గూట్ల ఉంటది. అడుగుతలేను కొడుకా, చెప్తున్న."