ఫ్లెక్సీకి అవతలి గాలి

ఆకు కదలడం లేదు.

రుషికొండ పక్కన, సముద్రం పిలిస్తే పలికేంత దూరంలో, ఆకు కదలడం లేదు. షామియానా కింద వరసగా కట్టేసిన పశువులు. పీలిస్తే ఉప్పు. వదిలితే చెమట. వైశాఖం నడిమధ్యలో పశువుల అందాల పోటీ పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, ఆ పుణ్యాత్ముడు మాత్రం ఏసీ కారులో ఉన్నాడు.

పేరుకు ఉక్కు నగరం. కొమ్ము ఒక్కటి తీసేస్తే చాలు... ఉక్క నగరం.

ఇక్కడి ఎండ కాల్చదు, ఉడకబెడుతుంది. తాయారు నందిగామ వైపు పిల్ల. స్టీలు ప్లాంటు ఉద్యోగిని చేసుకుని గాజువాక వచ్చి, ఎన్ని వేసవులు దాటినా ఈ ఉక్కతో ఆమెకు పొత్తు కుదరలేదు.

ఆమె ముందు ముత్యం.

ముత్యం ఆవు. ఒంగోలు జాతి. తెల్లటి ఒళ్లు, కాటుక దిద్దినట్టున్న కళ్లు, నడిస్తే అలలు పోయే గంగడోలు. కొత్త కాపురంలో పాలకు ఇబ్బంది పడకూడదని నాన్న లారీ ఎక్కించి పంపిన ఆవుకు మనవరాలి కూతురు. నాన్న ఇప్పుడు లేడు. ఆయన పశువులూ లేవు. ఆ వంశంలో మిగిలింది ముత్యమూ, ముత్యం కడుపులో ఉన్నదీ.

నెలలు నిండిన చూడి ఆవును పోటీకి తెస్తారా ఎవరైనా?

తాయారు తెచ్చింది. పేడ కంపనీ, ఈగలనీ ఇన్నాళ్లూ ముక్కు చిట్లించిన కాలనీ వాళ్ల ముందు ఒక్కసారి... ఒక్కసారి ముత్యం మెడలో దండ పడాలని ఆశపడింది. భర్త భీమశంకరరావు వద్దనలేదు. ఆయన దేనికీ వద్దనడు, తర్వాత భయపడతాడు.

పొద్దున్నే కుంకుడు రసంతో రుద్ది కడిగింది. కొమ్ములకు నూనె రాసింది. వ్యాను ఊగుతూ, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ, ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు తెచ్చి దింపేసరికే ముత్యం నోట నురగ. దింపిన వ్యాను ఆగకుండా ఇంకో బేరానికి పోయింది.

అందుకే గోనెపట్టా.

నాన్న చేసినట్టే. పట్టా తడిపి పశువు వీపున కప్పడం, ఆరగానే మళ్లీ తడపడం. నందిగామ ఎండలో పట్టా చిటికెలో ఆరేది. ఆరుతూ ఆరుతూ ఒంట్లోని వేడిని వెంట తీసుకుపోయేది. తాయారు తడిపింది. మళ్లీ తడిపింది. బిందె మీద బిందె పోసింది.

పట్టా ఆరలేదు.

ఆరకపోతే మంచిదే, చల్లగా ఉంటుందిలే అనుకుంది. కానీ డొక్కలు ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి. ముత్యం మెడ చాచింది. నాలుక బయటపెట్టింది. ముందరి కాళ్లు మడిచింది — కూలబడింది.

అప్పుడు పెట్టింది తాయారు, పట్టా కింద చెయ్యి.

వేడి. ఉడుకుతున్న అన్నం మీద మూత తీస్తే కొట్టే వేడి. ఇంతసేపూ తాను చల్లబరుస్తున్నాననుకుంది. చేసిందేమో దుప్పటి కప్పి ఉడకబెట్టడం. నాన్న ఊరిది పొడిగాలి, ఎంత తడినైనా తాగేస్తుంది. ఇక్కడి గాలికే చెమట పట్టి ఉంది, ఇంకొకరి తడిని అదేం ఆరుస్తుంది? పట్టా లాగి అవతల పారేసింది. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఏడుపొచ్చింది గానీ ఏడ్చే తీరిక లేదు.

పోటీకి మార్కులు వేయడానికొచ్చిన పశువుల డాక్టరు పరుగున వచ్చి చూశాడు. కళ్లు చూశాడు, కడుపు మీద చెయ్యి వేశాడు. సూది మందు కారులో ఉంది, తెస్తానన్నాడు. నీళ్లు పోస్తే చాలదు, ఒంటికి గాలి తగలాలన్నాడు. తగలకపోతే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు అని చెప్పి పరిగెత్తాడు.

గాలి.

జనరేటరు పొద్దుటి నుంచీ మొరాయిస్తోంది. ఫ్యాన్లు నిలబడి వేడుక చూస్తున్నాయి. భీమశంకరరావు అట్టముక్క పట్టుకుని విసురుతున్నాడు. ఎంత విసిరినా ఆ వేడిగాలే అటు నుంచి ఇటు వచ్చేది.

గాలి... గాలి...

తాయారు తలెత్తింది. షామియానా చివర, తెర దాటిన చోట, సరుగుడు చెట్లు ఊగుతున్నాయి. ఎప్పుడు మొదలైందో, సముద్రం మీంచి గాలి మొదలైంది. అక్కడ కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇక్కడ తన పైటకొంగు కూడా కదలడం లేదు.

మధ్యలో ఫ్లెక్సీ.

ఈ కొస నుంచి ఆ కొస దాకా, షామియానాకు గోడలా, ఒకటే ఫ్లెక్సీ. చేతులు జోడించి నవ్వుతున్న సారు, ఈ పోటీకి ముఖ్య అతిథిగా వస్తున్న నాయకుడు. సారు పక్కన, అచ్చేసిన ఆవు. పచ్చిక మీద నిలబడి, ఏ ఉక్కా ఎరగని ఆవు. ఆ ఫ్లెక్సీకి గాలి తన్నుతోంది, అది ఉబ్బుతోంది, గాలిని వెనక్కి పంపేస్తోంది.

కమిటీ మనిషి దుర్గారావును పిలిచి అడిగింది, తీసెయ్యమని. షామియానా గుంజలకు కలిపి బిగించి కట్టేశారనీ, తీస్తే మొత్తం పశువుల నెత్తిన పడుతుందనీ అతను చెప్పాడు. చెడ్డవాడు కాదు. చెబుతూనే తన తువ్వాలు తీసి ముత్యానికి విసురుతున్నాడు.

"దాని జోలికెల్లకండమ్మా. సారు దార్లో ఉన్నారు. ఆరొచ్చి సూసి ఎల్లిపోనీండి. నాను మాత్రం ఏటి సేత్తాను, నా మెడకి సుట్టుకుంటది."

సారు వచ్చేదాకా ముత్యం ఆగాలి. ముత్యానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

గాజువాక జంక్షన్లో ఆటోలోంచి ఎన్నిసార్లు చూసిందో. పెద్ద ఫ్లెక్సీ కట్టినప్పుడల్లా గాలికి చిరిగిపోకుండా అరచందమామల్లా కోతలు పెడతారు. ఆ కోతల్లోంచి గాలి దూరిపోతుంది. ఇక్కడ పెట్టలేదు. పెడితే సారు మొహానికి కన్నాలు పడతాయి కదా.

తాయారు గడ్డి సంచిలోంచి కొడవలి తీసింది.

భీమశంకరరావు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అది సారు బొమ్మే తాయారూ. కేసు పెడతారు. నా ఉద్యోగం మీదికొస్తుంది."

"తెలుసండీ."

ఆయన ఆమెను చూశాడు. ముత్యాన్ని చూశాడు. చెయ్యి వదిలేశాడు. వదిలి, జనానికీ ఆమెకూ అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. భయం తగ్గి కాదు, భయంతోనే నిలబడ్డాడు.

మొదటి కోత జోడించిన చేతుల కింద. రెండోది భుజం మీద. మూడోది తప్పలేదు, నవ్వు మీద. ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంది. జనం గుమిగూడారు. ఫోన్లు లేచాయి. ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. దుర్గారావు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు.

గాలి వచ్చింది.

కోత కోతలోంచి, సన్నగా, ఉప్పగా... తడి ఒంటి మీదికి. వరసలో ఎడ్లు మెడలు తిప్పాయి. దూడలు మోరలెత్తాయి. తాయారు మెడ మీద చెమట చల్లబడింది. ఒళ్లు జలదరించింది.

ముత్యం మాత్రం లేవలేదు. డొక్కలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. బీచ్ రోడ్డు మీద కార్ల హారన్లు దగ్గరవుతున్నాయి. డాక్టరు ఇంకా రాలేదు.

చెవి కదిలింది. ముత్యం చెవి.

గాలికి కదిలిందా... తనే కదిలించిందా...

తెలియలేదు తాయారుకు. ఇంకో కోతకు కొడవలి మళ్లీ ఎత్తింది.