కొండకు చిక్కిన పేరు

సుంకన్న కుక్క పేరు కొండలో ఉండిపోతుంది. కుక్కను కొండ అంచున పూడ్చి, మట్టి మీద చివరి రాయి పేర్చి, పేరు పెట్టి ఒక్క కేక వేస్తాడు. కొండ తిరిగి పలకదు. ఎవరు దగ్గినా తుమ్మినా ఎప్పటిదప్పుడు అప్పజెప్పే కొండ అది. ఈసారి నోరు మూసుకుంటుంది.

వేటకాళ్ళకు తెలియని సంగతి కాదిది. అడవిలో కుక్కను పేరు పెట్టి పిలవరు. ఉసిగొల్పాలంటే ‘ఉష్కో’, వెనక్కి రమ్మనాలంటే ఈల. పేరు ఇంటి దగ్గరే, చూరు కింద. వింటే కొండ ఉంచేసుకుంటుందని తాతలనాటి మాట. సుంకన్న ఈ కట్టు ఎన్నడూ తప్పలేదు. కానీ అడవిపంది కోరకు పొట్ట చీలిన కుక్కను ఒళ్ళో పెట్టుకుని, దాని ఊపిరి ఆగేదాకా చూసినవాడికి ఏ కట్టు గుర్తుంటుంది? దుఃఖానికి కట్టుబాట్లు తెలియవు.

ఆ పేరేమిటని నన్నడగొద్దు. అది కొండ దగ్గర ఉన్నంతసేపూ నాకూ తెలియదు.

ఇంటికొచ్చి గడపలో కూర్చుంటాడు. భార్య ఈరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళ దగ్గర పెడుతుంది.

“పూడ్సి వస్తివా దాన్ని?”

“వస్తి. ఈరీ, దాని పేరేంది?”

ఈరమ్మ నోరు తెరుస్తుంది. తెరిచిన నోరు అలాగే ఉండిపోతుంది. “నాలిక మిందనే ఉండాది,” అని నాలుక చాపి చూపిస్తుంది. సుంకన్న వంగి చూస్తాడు. నాలుక మీద ఏమీ లేదు.

పేరు పోయిన దారినే మిగతావీ బయలుదేరతాయి. మొదట నుదుటి మీది మచ్చ పోతుంది. అది ఏ రంగుదో ఇద్దరికీ తెలియదు. తరువాత ఒంటి రంగు. చిరిగిన చెవి ఎడమదని ఆయన, కుడిదని ఆమె కాసేపు వాదించుకుంటారు. అసలు చెవులుండేవా అన్న అనుమానం వచ్చాక ఇద్దరూ ఊరుకుంటారు. అది నీళ్ళు తాగే రాతి తొట్టి వాకిట్లోనే ఉంది. కోళ్ళకు ఇంత పెద్ద తొట్టి ఎందుకు పెట్టుకున్నామా అని ఈరమ్మ దాని చుట్టూ తిరిగి చూస్తుంది.

సుంకన్న గుండెల్లో రాయి పడుతుంది. చావు వేరు. చచ్చినదాన్ని తలుచుకుని ఏడవొచ్చు. తలుచుకోవడానికే ఏమీ మిగలకపోతే, తన మంచం కింద పడుకున్న ఆ ప్రాణి, తన చెప్పుల చప్పుడుకు వీధి మలుపులోనే లేచి నిలబడే ఆ ప్రాణి, అసలు పుట్టనే లేదని తేలుతుంది. అది ఆయన తట్టుకోలేడు. కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతాడు.

“ఏమయ్యా,” అని ఈరమ్మ లోపలినుంచి అడుగుతుంది. “మనకు కుక్కుండెనా?”

ఆమె గొంతులో వేళాకోళం లేదు. సుంకన్న కండువా భుజాన వేసుకుని కొండకు బయలుదేరతాడు.

కొండ సగం దారిలోనే ఎదురొస్తుంది. పొద్దున ఉన్నచోట లేదు, ఊరి వైపు జరిగింది. బండల మధ్య ఒక చీలిక ఉంది. అరుపులు తిరిగొచ్చేది అక్కడి నుంచే. పక్కకు తిరిగి దూరితే లోపల చదునైన కళ్ళం, కళ్ళం నిండా ఎండ. ఒక ముసలామె కూర్చుని చేటతో పేర్లు చెరుగుతోంది. తప్పిపోయిన మేకల పేర్లు, పశువుల పేర్లు చేటలో నిలుస్తున్నాయి. కోపంలో అరిచిన పేర్లు పొట్టుతో పాటు ఎగిరిపోతున్నాయి.

“అవ్వా, నా కుక్క పేరు ఈడ పడిండాది,” అంటాడు సుంకన్న.

“పడల్యా. నువ్వే యేసినావు.”

“తెలీక యేస్తి.”

ముసలామె చెరగడం ఆపి చూస్తుంది.

“తెలిసే యేస్తి,” అని ఒప్పుకుంటాడు. “ఏడుపులో యేస్తి. మల్లా ఇయ్యవ్వా.”

“ఇచ్చేదానికేమి నాయనా, ఇస్తా. పేరు తీస్తే సందు పడతాది. సందుండే కొండ నిలబడదు. ఆ సందులో ఇంగో పేరు పెట్టల్ల.”

“యాడ తెచ్చేది?”

“నీకొకటుండాది గదా. దాన్ని ఎవురు పిలుస్తారు?”

సుంకన్న ఆలోచిస్తాడు. పిలిచే తల్లి పోయింది. వేటలో ఈలలే తప్ప పేర్లు లేవు. ఊళ్ళోవాళ్ళు అన్నా అనో మామా అనో అంటారు. ఈరమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని నమ్మిన మనిషి. పెళ్ళినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే, ఏడ్చిందే గానీ చెప్పలేదు.

“ఎవురూ పిలవరవ్వా.”

“అయితే మడత నలగనిదే,” అని ముసలామె చెయ్యి చాపుతుంది.

పేరివ్వడం కదిలే పన్ను ఊడినంత నొప్పి, అంతే. ఇక్కడి నుంచి నేను ఆయన్ను ఆయన అనే అంటాను. ముసలామె ఆ పేరును కొరికి చూసి చేటలో వేసుకుంటుంది. పొట్టు కింద నుంచి కుక్క పేరు తీసి ఇస్తుంది. అది వెచ్చగా ఉంది, కదులుతోంది.

“నోట్లో పెట్టుకో. ఇల్లు చేరేదాక నోరు తెరవగాకు. అడవిలో తెరిస్తివా, మల్లా మాదే.”

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆయన. ఇప్పుడు పెదవులు బిగించి అడవి దాటాలి. పేరు ఊరుకోదు. పళ్ళను గీకుతుంది. బుగ్గలో చుట్టూ తిరిగి తిరిగి పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది.

కలేపొదల దగ్గర ఓబులేసు కనిపిస్తాడు. వేటకాళ్ళకు పెద్ద, చూపు మందగించినవాడు. చేతిలో ఈటె, వెనుక కుక్కలు.

“ఎవురది?”

ఆయన నోరు తెరవలేడు. తెరిచినా చెప్పడానికి పేరు లేదు. అడవిలో పిలిస్తే పలకనిది మృగం కిందే లెక్క. ఇదీ తాతలనాటి మాటే.

“మనిసివైతే పేరు సెప్పు,” అని ఓబులేసు ఈటె ఎత్తుతాడు.

ఒక్క మాట చాలు, ప్రాణం దక్కుతుంది, కుక్క పోతుంది. ఆయన పళ్ళు బిగిస్తాడు. ఓబులేసు ఇంకొక క్షణం ఆగి, “ఉష్కో,” అంటాడు. కుక్కలు మీదికి దూకుతాయి. ఆయన తల ప్రాణం తోకకొస్తుంది. అవి ముక్కులెత్తి ఆయన బుగ్గ వాసన చూస్తాయి. బుగ్గలో ఎవరున్నారో వాటికి తెలుస్తుంది. ఆయన చుట్టూ కూర్చుని తలలు నేలకు ఆనిస్తాయి.

ఓబులేసు ఈటె దించుతాడు. “మురగమైతే పీకుతాయి. మనిసైతే మొరుగుతాయి. నువ్వు రెండూ గాదు. పో, నీ దావన నువ్వు పో.”

ఆయన ఇల్లు చేరి చూరు కింద నిలబడి నోరు తెరుస్తాడు.

“సుక్కీ.”

నుదుట తెల్లచుక్క. ఇటుకరంగు ఒళ్ళు. ఎడమ చెవి చిరిగింది, ముళ్ళకంపలో దూరి కుందేలును పట్టినప్పుడు. అన్నీ తోసుకుంటూ వస్తాయి. ఈరమ్మ చేతిలోని చీపురు వదిలేసి తొట్టి పక్కన కూలబడుతుంది. “మా తల్లి, మా సుక్కి,” అని ఏడుస్తుంది. ఆయనా ఏడుస్తాడు. ఏడవడానికి ఒక కుక్క ఉండటం ఎంత హాయో ఇద్దరికీ తెలుస్తుంది.

“నా పేరు ఆడ ఇచ్చి వస్తి,” అంటాడు ఆయన.

ఈరమ్మ ముక్కు తుడుచుకుంటుంది. “పోతే పోనీ. నేనేమన్నా ఏనాడన్నా పలికినానా? నాకు నువ్వు ‘ఏమయ్యా’వే గదా.”

ఆ మాట పూర్తి కాకముందే బయట ఎవరో పిలుస్తారు. “సుంకన్నా...” గొంతు అచ్చం ఆయనదే. కొండ పిలుస్తోంది.

ఆయన చెవి ఒగ్గి వింటాడు. “ఎవుర్నో పిలుస్తాండారు. పలకడేందప్పా వాడు?”

ఈరమ్మ లేచి ఆయన మణికట్టు పట్టుకుంటుంది. ఆమెకు భయం. ఆయన ఎక్కడ పలుకుతాడో, ఎక్కడ వెళ్ళిపోతాడో అని. ఆయన కదలడు. కదిలేది కొండ అంచున పేర్చిన రాళ్ళు. అవి ఒకటొకటిగా పక్కకు దొర్లుతాయి. సుక్కి లేచి నిలబడి ఒంటి మట్టి దులుపుకుంటుంది.

“సుక్కీ!” అని ఆయన వాకిట్లోకి పరిగెడతాడు, మణికట్టు పట్టుకున్న ఈరమ్మతో సహా.

కుక్క ఆగుతుంది. ఇటు చూస్తుంది, అటు చూస్తుంది. ఇటు తన పేరు. అటు తన మనిషి పేరు. పెంచినవాడి పేరు వినబడితే తన పేరు పట్టించుకునే కుక్క ఎక్కడైనా ఉంటుందా? అది తోక ఊపుకుంటూ కొండ ఎక్కుతుంది.

“యాడికి పోతాండాది అది?” అంటాడు ఆయన.

“నీ తావికే,” అంటుంది ఈరమ్మ.

కొండ నడుము వంచుతుంది. బండలు మోకాళ్ళలా మడుచుకుంటాయి. అది కిందికి వంగి, సుక్కి ఎడమ చెవి వెనక నెమ్మదిగా గోకుతుంది. గోకిన బండను సుక్కి నాకుతుంది. వాకిట్లో ఆయన అరచెయ్యి తడుస్తుంది. ఆయన చెయ్యి తిప్పి చూసుకుంటాడు. ఏమీ అర్థంకాక ఈరమ్మ ముందు చాపుతాడు. ఆమె కొంగుతో తుడుస్తుంది. కొండ లేచి నిలబడి, ఊరికి వీపు తిప్పి వేటకు బయలుదేరుతుంది. కుక్క దాని ముందు పరిగెడుతుంది. చెయ్యి మళ్ళీ తడుస్తుంది. ఈరమ్మ మళ్ళీ తుడుస్తుంది.