ఎడమ చక్రం కింది పిన్ను

రెండో బిందె సగం నిండింది. నీళ్ళ నల్లికి కట్టిన గుడ్డ తడిసి జారిపోతుంటే సరిచేస్తున్నాను. నాయన వచ్చి గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. ఈమధ్య ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తుపడతాడు గానీ మొహంలో ఏముందో చూడలేడు.

"పాపా, అశోకు లేచినాడా?"

"షెడ్డులో ఉండాడు. జీపు తుడుస్తాండాడు."

గోడ వదిలి నా దగ్గరికి జరిగాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకాసేపటికి చక్రాలు చూస్తాం గదా. ఎడమ పక్క ప్లే ఉండాదని, చక్రం ఊగుతాదని చెప్పు."

నేను బిందె వైపే చూశాను.

"ఉన్నా లేకున్నా చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాడు వాడు."

బిందె పొర్లింది. నల్లి కట్టేసి, చంకనెత్తుకుని లోపలికి వచ్చేశాను.

జిగణిలో మా ఇంటిని ఆనుకునే నాయన షెడ్డు. క్వారీ జీపులు, లారీలు బాగుచేస్తూనే ఆయన మమ్మల్ని పెంచాడు. చిక్కమునియప్ప షెడ్డంటే ఆనేకల్లు దాకా తెలుసు. మా అన్న అశోక్‌కుమార్ మిలిటరీ వేలంలో పాత జీపు ఒకటి తెచ్చి, ఏడాదికి పైగా దానికింద పడుకుని దానికి ప్రాణం పోశాడు. ఆరోజు కనకపుర దారిలో పాడుబడిన క్వారీలో జీపులవాళ్ళంతా కలుస్తున్నారు. బండరాళ్ళ మీద ఎక్కడం, నిలువు వాలులో దిగడం. అన్న పోవడం అదే మొదలు. పోయిన నెల అలాంటి చోటే బోర్లాపడిన బండినొకదాన్ని లారీ మీద మా షెడ్డుకు తెచ్చారు. ఒంగిపోయిన దాని కడ్డీలను నాయన చేత్తో తడిమి చూశాడు. ఆరోజు అన్నం తినలేదు. అప్పటినుంచీ అన్నను పోవద్దంటూనే ఉన్నాడు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ముందు చక్రం ఎడమకూ కుడికీ తిరగాలంటే ఇరుసు చివర పైన ఒకటి, కింద ఒకటి పిన్నులు ఉంటాయి. అవి అరిగితే చక్రం స్టీరింగుకు లొంగదు. వాలులో ఒక్కసారిగా పక్కకు పడిపోవచ్చు. అందుకే జాకీతో బండి ఎత్తి, ఒకరు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కుదుపుతారు. ఇంకొకరు లోపలివైపు పిన్ను దగ్గర వేలు పెట్టి, కదలిక తగులుతుందేమో చూస్తారు. కుదిపేవాడికి ఆ సంగతి సరిగ్గా తెలియదు. వేలు పెట్టినవాళ్ళు చెప్పిందే మాట. దాని మీద వాదన లేదు. నాయన కళ్ళు మసకబారాక ఆ వేలు నాదయింది.

లలిత్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. కుందలహళ్ళిలో ఏదో కంపెనీలో పని చేస్తాడు. అన్న పక్క సీట్లో కూర్చుని దారి చెప్పబోయేది అతనే.

"బాస్, రిపోర్టింగ్ టైం దగ్గరపడింది. ఈ పూజ ఇంకెంతసేపు?"

"మా నాయన హారతి పట్టందే బండి కదలదప్పా," అన్నాడు అన్న. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు నాయన మీదే ఉన్నాయి.

"నేనేం చేయాలి అంకుల్?"

"లోపల కూర్చుని, నేను చెప్పినప్పుడు బ్రేకు తొక్కు."

కుడి చక్రం కుదిపాడు నాయన. పొట్టిగా, గట్టిగా కుదుపుతాడు. నా వేలికి ఏమీ తగల్లేదు. "లేదు," అన్నాను.

ఎడమ పక్కకు వచ్చాం. నేల మీద గోనెసంచి పరుచుకుని చక్రం వెనక్కి దూరాను. నిన్న సాయంత్రం అన్న దట్టించిన కొత్త గ్రీజు చల్లగా తగిలింది. నాయన కుదిపాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి కింది పిన్ను దగ్గర ఏదో గోటిమీద తట్టింది.

"బ్రేకు తొక్కు," అన్నాడు నాయన. బ్రేకు తొక్కినప్పుడు ఊగడం ఆగిపోతే అది చక్రం బేరింగు లూజు. ఆగకపోతే పిన్నే.

మళ్ళీ తట్టింది.

నేను బయటికి రాలేదు. వేలు అక్కడే ఉంచి నాయన పాదాల వైపు చూశాను. ఆ చూపు అన్న చూశాడు.

"ఏమే, చెప్పు."

"ఉండాది. కింది పిన్ను."

అన్న నడుముమీద చేతులు పెట్టుకున్నాడు. "నాయన చెప్పమన్నాడా?"

నేను బయటికి వచ్చి గ్రీజు చేతిని గోనెకు తుడుచుకున్నాను.

"చెప్పమన్నాడు," అన్నాను. "అయినా ఉండాది."

"చూసినావా లలిత్? ఇదీ మా ఇంట్లో చెకింగు."

నాయన చక్రం వదిలి వెనక్కి జరిగాడు. ఇప్పుడాయన ఏం చెప్పినా చెల్లదు. అది ఆయనకు తెలుసు.

అన్న లలిత్‌ను పిలిచి చక్రం పట్టుకోమన్నాడు. తానే లోపల వేలు పెట్టాడు. లలిత్ ఊయల ఊపినట్టు ఊపాడు.

"ఇంకా ఊపు."

"ఊపుతున్నా బాస్. టైర్ కదా, విరిగిపోతుందేమో."

"ఏమీ లేదు," అంటూ అన్న లేచాడు. "ఎక్కు, పోదాం." జాకీ దించడానికి వంగాడు.

మెత్తగా ఊపితే కొత్త గ్రీజే సందును నింపి చక్రాన్ని పట్టుకుంటుంది. అన్నకు తెలియని విషయం కాదు. పెద్ద ప్రయాణమని ఆ గ్రీజు దట్టించింది కూడా అతనే. కానీ ఆ నిమిషంలో అతనికి నాయన మాట తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

అతను జాకీ దించేలోపే గోడవారనున్న గడారి, మా ఇనప గునపం, తెచ్చాను. టైరు కింద రాయి పెట్టి, దాని మీదుగా గడారి మొన దూర్చాను.

"అన్నా, ఇంకొకసారి వేలు పెట్టు. నేను ఎత్తుతా."

"నువ్వు పక్కకు జరుగు."

"నన్ను నమ్మొద్దు. నాయన్నీ నమ్మొద్దు. వేలు నీదే గదా."

లలిత్ ఒక కాలు జీపులోకి పెట్టినవాడు మళ్ళీ తీసేశాడు. హెల్మెట్ నేలమీద పెట్టాడు. "బాస్, చూసేయ్. ఆ పక్క సీట్లో నేను కూడా ఉంటాను కదా."

అన్న గోనెమీద పడుకున్నాడు. అతని చేయి చక్రం వెనక్కి పోయింది. నేను గడారి చివర రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా బరువుపెట్టి ఒక్కసారి నొక్కాను. చక్రం లేచింది. టక్‌మన్న చప్పుడు నాయనకు కూడా వినబడింది. వదిలాను. మళ్ళీ టక్.

అన్న లేవలేదు. "ఇంకొకసారి," అన్నాడు. ఇంకొకసారి నొక్కాను.

అన్న చేయి బయటికి తీసి వేలికంటిన గ్రీజు చూసుకున్నాడు. తరువాత లేచి, పానాల పెట్టె లాక్కుని చక్రం నట్లు విప్పడం మొదలుపెట్టాడు. లలిత్ హెల్మెట్ మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. సెల్లు తీసి, మేము రావడం లేదని ఎవరికో చెప్పి, "సాయంత్రం ఫోన్ చేస్తా" అని వెళ్ళిపోయాడు. అన్న తల ఊపాడో లేదో నేను చూడలేదు.

నాయన ఇంటి గడప మీద కూర్చున్నాడు. నేను కాఫీ ఇస్తే పక్కన పెట్టుకున్నాడు. అది మీగడ కట్టింది.

ఎండ షెడ్డు రేకులమీదికి వచ్చేసరికి పిన్ను బయటికొచ్చింది. అన్న దాన్ని కిరోసిన్‌లో కడిగి, వెలుతురుకు పట్టి చూశాడు. గడప దాకా వచ్చి నాయన అరచేతిలో పెట్టాడు. నాయన బొటనవేలు పిన్ను చుట్టూ నెమ్మదిగా తిరిగి, ఒక పక్క గాడి పడినచోట ఆగింది. అక్కడే ఆగిపోయింది.

"నేను..." అన్నాడు నాయన. "నిజంగా ఉంటాదని అనుకోలేదప్పా," అన్నాడు చివరికి.

అన్న ఆ చేతిలోంచి పిన్ను తీసుకున్నాడు. లోపలికి వచ్చి, బిందెలో నీళ్ళు చెంబుతో ముంచుకుని మోచేతుల దాకా కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. పిన్నును పాత గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, జీపు తాళం నా ముందు అరుగు మీద ఉంచాడు.

"యాడికి, కొత్త పిన్నుకోసం జేసీ రోడ్డుకా?" అన్నాడు నాయన. "తినిపో నాయనా."

గడపలో కూర్చున్న నాయన కాళ్ళు దాటకుండా, పక్కగా ఒదిగి, అన్న బయటికి వెళ్ళిపోయాడు.